జాబితాలో మూడో పేరు

ఆ ఏడాది మా మండలం వరద ప్రణాళిక తయారు చేసింది నేనే. గోదావరి ఒడ్డునున్న ఆ మండలానికి డిప్యూటీ తహసీల్దారుగా వచ్చి అప్పటికి ఏడాదిన్నర అయింది. నేను పుట్టి పెరిగింది నిడదవోలులో, రైల్వే క్వార్టర్స్‌లో. గోదావరిని చూసిందంతా రైలు కిటికీలోంచే. ఆ నీళ్ళు ఎటు లాగుతాయో, ఎక్కడ లోతో, ఎక్కడ సుడో నాకు ఒక్క ముక్క తెలియదు.

ప్రణాళిక ఎలా తయారు చేశానో దాచుకోకుండా చెప్పాలి. మే నెలలో ఒక మధ్యాహ్నం కంప్యూటర్లో కిందటేడు ఫైలు తెరిచాను. సంవత్సరం మార్చాను. అక్షరాలు కాస్త పెద్దవి చేశాను. తరలింపు దారుల పటాన్ని రంగుల్లో ప్రింటు తీయించాను. పడవల యజమానులు, ఈతగాళ్ళు, గర్భిణులు, మంచం పట్టిన వృద్ధుల జాబితాలను వీఆర్వోలకు వాట్సాప్‌లో పంపి, మార్పులుంటే చెప్పమన్నాను. రెండు రోజుల్లో ఆశా కార్యకర్తల నుంచి గర్భిణుల పేర్లు మాత్రం కొత్తవి వచ్చాయి. మిగతా వాటికి అందరూ "మార్పులు లేవు మేడం" అనే రాశారు. బైండింగు చేయించి జిల్లా ఆఫీసుకు పంపితే, సమావేశంలో ఒక పెద్ద అధికారి ఆ పుస్తకాన్ని పైకెత్తి అందరికీ చూపించారు. "ప్లాన్ అంటే ఇలా ఉండాలి" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి కాజాలు కొనుక్కుని వెళ్ళాను.

జూలైలో ఎర్రనీరు వచ్చింది. ఎగువన వారం రోజులుగా కురుస్తున్న వానలకు నది ఒక్కసారిగా పొంగి, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిన మర్నాడే రెండోదీ వచ్చేసింది. మా మండలంలో ఉన్నది ఒకటే లంక. ఏటి పాయకు అవతల కొబ్బరి తోటలు, అరటి తోటలు, వాటి మధ్య ఇళ్ళు. ఇవతల గట్టు నుంచి అక్కడికి ఒక కాజ్‌వే ఉంది. మామూలు రోజుల్లో దాని మీద ఆటోలు తిరుగుతాయి. మొదటి హెచ్చరికకే అది మునిగిపోయింది. రెండోది వచ్చేలోగా, రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు మీద లంక జనాన్ని చాలావరకు ఇవతలకు చేర్చాం. గేదెల్ని వదిలి రాలేమని కొన్ని కుటుంబాలు డాబాల మీద ఉండిపోయాయి. రెండో హెచ్చరిక తర్వాత పంటు తిప్పకూడదని నిబంధన. ఆపేశాం.

ఆ రోజు పొద్దున్న తహసీల్దారు గారు డివిజన్ ఆఫీసులో సమీక్షకు వెళ్ళారు. మా మీటింగు హాల్లోనే కంట్రోల్ రూమ్ పెట్టాం. రెండు ఫోన్లు, ఒక రిజిస్టరు, నేను, ఇద్దరు గుమాస్తాలు. బల్ల మీద నా ప్రణాళిక.

పది కాకముందే లంక నుంచి ఫోను వచ్చింది. మగ గొంతు, ఆయాసపడుతోంది.

"అమ్మా, మా అమ్మాయికి నెప్పులొస్తన్నాయండి. తెల్లారగట్ల నుంచీ. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తే ఒడ్డుకి తీసుకురమ్మంటన్నారండి. ఎలా తీసుకొచ్చేదండి?"

నాకు అర్థం కాలేదు. లంకలోని గర్భిణులందరినీ మొదటి హెచ్చరికకే పెద్దాసుపత్రికి పంపించేశాం. జాబితా చూసి, ఒక్కొక్క పేరుకూ టిక్కు కొట్టి మరీ పంపించాను.

"మా లిస్టులో ఇంకెవరూ మిగల్లేదండీ. అందర్నీ తరలించేశాం కదా" అన్నాను.

"మా లంకలో రాసుంటారేంటండి? అత్తారిది పట్టిసీమ అవతల. అక్కడ రాయించుకున్నారు. ఏడో నెలలో పురిటికి మేం తీసుకొచ్చుకున్నాం."

ఫోను చెవి దగ్గరే ఉంది కానీ తర్వాత ఆయన అన్న రెండు మూడు మాటలు నాకు వినపడలేదు. మా అక్క మొదటి కాన్పుకు మా ఇంటికే వచ్చింది. ఆ మంచం వేసిన గది, అమ్మ కాచిన కషాయం వాసన నాకు ఇప్పటికీ గుర్తే. మన ఆడపిల్లలందరూ చేసే పని అది. అలాంటిది ప్రతి ఏడూ జాబితా ఏ ఊళ్ళో కాపురం ఉంటే ఆ ఊరి పేరుతో వస్తుంటే, పురిటికి పుట్టింటికి వచ్చినవాళ్ళు ఏమవుతారని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆడదాన్నయి ఉండి నాకే తట్టలేదు.

"నిన్న పంటు మీద ఎందుకు రాలేదండీ?" అని అడిగాను.

"డాక్టరు గారు ఇంకా ఇరవై రోజులుందన్నారండి. నీరు తీసేస్తదిలే అనుకున్నాం. మా తప్పేనండి. ఏదోటి చెయ్యండమ్మా."

రక్షణ బృందం పడవలకు ఫోన్ చేశాను. అవన్నీ దిగువ లంకల్లో ఉన్నాయి. రాజమండ్రి నుంచి ఇంకో బృందం బయలుదేరింది కానీ రోడ్డు మీద నీళ్ళున్నాయి, రెండు మూడు గంటలు పడుతుందన్నారు. అప్పుడు ప్రణాళిక తీసి, ఇంజను పడవల యజమానుల పేజీ తెరిచాను. మొదటి నంబరు పనిచెయ్యడం లేదు. రెండోది ఎవరో ఏలూరులో ఉన్న బట్టల షాపాయన ఎత్తాడు. మూడోదానికి ఒక ఆడమనిషి పలికింది.

జాబితాలో ఉన్న పేరు చదివి, "వారు ఉన్నారా అండీ? తహసీల్దారు ఆఫీసు నుంచి" అన్నాను.

"లేరండి."

"ఎంతసేపట్లో వస్తారు? అర్జెంటుగా పడవ కావాలి."

ఫోను కట్టయిందేమో అనుకుని "హలో, హలో" అన్నాను.

"ఆయన పోయి మూడేళ్ళయిందండి" అందావిడ. "మీకు తెలీదా? మీ ఆఫీసోళ్ళే కదండీ ఫ్యామిలీ సర్టిఫికెట్టు ఇచ్చేరు."

అలవాటుగా పెన్ను తీసి ఆ పేరు మీద గీత కొట్టబోయాను. పెన్ను పక్కన పెట్టేశాను. ఎదురుగా కూర్చున్న గుమాస్తా నా మొహం చూసి, "ఏమైంది మేడం?" అని లేచి నిలబడ్డాడు. చనిపోయిన మనిషికి ఫోన్ చేసి ఎంతసేపట్లో వస్తావని అడిగాను. ఆ మాట విన్నది ఆయన భార్య. మే నెలలో ఆ పేరును పెద్ద అక్షరాల్లోకి మార్చింది నేనే.

"క్షమించమ్మా" అన్నాను. ఫోను పెట్టేద్దామనుకున్నాను. ఆవిడే అడిగింది.

"పడవ దేనికండి?"

చెప్పాను. లంకలో నిండు గర్భిణి ఉందనీ, నొప్పులు పడుతోందనీ.

"నావుందండి. మా మరిది నడుపుతాడు. మీరు ఏటిగట్టు మీదకి రండి. ముందు మనం మాట్టాడుకోవాలి" అంది.

జీపులో గట్టు మీదకు వెళ్ళేసరికి పది దాటి పావుగంటయింది. మా ఏఎన్ఎం మందుల సంచీతో నాతోపాటు వచ్చింది. కాజ్‌వే మొదట్లో, నీళ్ళు రోడ్డును మింగేసిన చోట, పది పన్నెండు మంది నిలబడి ఉన్నారు. వాళ్ళలో నలభై ఐదేళ్ళ మనిషి ఒకామె, నల్లగా, పొడుగ్గా, కొంగు నడుముకు బిగించి ఉంది. అంత వానలోనూ గొడుగు లేదు. పక్కన ఆవిడ మరిది, ముప్పై ఏళ్ళ పైబడిన మనిషి, లైఫ్ జాకెట్టు తొడుక్కుని తల దించుకుని ఉన్నాడు. నావ మాత్రం కనిపించలేదు.

"నావేదమ్మా?" అన్నాను.

"ఎగువనుందండి, ఇటుక బట్టీ కాడ. ఇక్కడికి తేను" అంది.

"మా ప్లాన్‌లో ఇక్కడి నుంచే వెళ్ళాలని ఉంది. అంబులెన్సు కూడా ఇక్కడికే వస్తుంది. అదీగాక ఇక్కడైతే అవతలి ఒడ్డు దగ్గర కదా?"

ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసింది. కోపంగా కాదు. చంటిపిల్లను చూసినట్టు చూసింది.

"నీళ్ళు చూడండి మేడం గారూ. నున్నగా ఉన్నాయి కదా? కింద కాజ్‌వే ఉంది. ఎగువ నీరు దాని మీదెక్కి అవతల పక్క పడతంది. రాళ్ళున్నాయి, ఇనప గొట్టాలున్నాయి. నావ అడుగు తగిలిందంటే తిరగబడిపోద్ది. మా ఆయన పోయింది ఇక్కడేనండి."

నేను ఏఎన్ఎం వైపు చూశాను. ఆమె కూడా కొత్తగానే వచ్చింది, ఆమెకూ తెలియదు. వీఆర్వో నేల చూపులు చూస్తున్నాడు.

మూడేళ్ళ కిందట వరదలో, లంకలో చిక్కుకున్న వాళ్ళకు పాలపొట్లాలు, మంచినీళ్ళు చేర్చమని మా ఆఫీసు నుంచి ఆయనకు ఫోన్ వచ్చిందని ఆవిడే చెప్పింది. ఎగువ నుంచి వెళతానంటే, వద్దు, సరుకు లారీ కాజ్‌వే దగ్గరే ఆగింది, అక్కడి నుంచే ఎక్కించుకెళ్ళమన్నారట. మూడో ట్రిప్పులో నావ బోల్తా పడింది. మనిషి మర్నాడు దిగువన ఎక్కడో తేలాడు. తర్వాత ఆవిడ ఆఫీసుకు వస్తే, ఎవరు పంపారో కాగితం ఏదమ్మా అన్నారట. ఫోను చేసినాయన, నేను అడిగానంతే, వెళ్ళమని చెప్పలేదు అన్నాడట. తనంతట తానే ఏట్లోకి దిగి పోయాడని రాశారు. ఆ రాసిన కాగితం మా బీరువాలోనే ఎక్కడో ఉండి ఉండాలి. ఆయన పేరు మాత్రం ఏటేటా జాబితాలోకి ఎక్కుతూనే ఉంది. ఆయన్ని చంపిన దారీ పటంలో ఎర్రగీతగా అలాగే ఉంది. రంగుల్లో ప్రింటు తీయించానని చెప్పాను కదా.

జీపు బానెట్ పట్టుకున్నాను.

"వస్తానండి" అందావిడ. "కడుపుతో ఉన్న పిల్లని అక్కడొదిలి నేనింట్లో కూచోలేను. కానీ నా దారిన ఎల్తాను. ఇంకోటండి. మమ్మల్ని పంపింది మీరని కాయితం మీద రాసివ్వండి."

మరిది తలెత్తాడు. "వదినా, వద్దే. అన్నయ్యని పోగొట్టుకున్నాం చాలదా? ఆళ్ళ పడవలొస్తాయంట కదా."

"రెండు గంటలంటన్నారు. ఆ పిల్లకి రెండు గంటలుందో లేదో నీకు తెలుసేంటి?" అందావిడ. "నువ్వు రాకపోతే నేను ఇంకోళ్ళని పిలుచుకుంటా."

అతను లైఫ్ జాకెట్టు పట్టీలు బిగించుకున్నాడు.

నేను పక్కకు వెళ్ళి తహసీల్దారు గారికి ఫోన్ చేశాను. ఆయన చెడ్డ మనిషి కాదు. మూడు రోజులుగా ఆయనా సరిగా నిద్రపోలేదు. విషయమంతా విని నిట్టూర్చారు.

"చూడమ్మా, ప్లాన్‌లో లేని దారిన ప్రైవేటు పడవను పంపితే, రేపేదైనా జరిగితే ఎవరు జవాబు చెప్తారు? బృందం వస్తోంది కదా, ఆగు. మరీ అవసరమైతే వాళ్ళనే వెళ్ళమను. నువ్వు మాత్రం కాగితం మీద ఏమీ పెట్టకు."

"సార్, అలాగే పంపిస్తేనే కదా ఆయన..."

"తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశారు.

సరిగ్గా అప్పుడే లంక నుంచి మళ్ళీ ఫోన్. ఈసారి గర్భిణి తల్లి. ఉమ్మనీరు పోయిందని చెప్పి ఏడుపు ఆపుకోలేకపోతోంది. ఏఎన్ఎం నా చేతిలోంచి ఫోను తీసుకుని నాలుగు ప్రశ్నలు అడిగింది. తర్వాత నావైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. "మేడం, నీళ్ళు పచ్చగా ఉన్నాయంటున్నారు. లోపల బిడ్డకు ఇబ్బందిగా ఉన్నట్టుంది. ఆగకూడదు. నేనూ పడవలో వెళ్తాను."

నిర్ణయం తీసుకోవడం గురించి శిక్షణ తరగతుల్లో నాకు చాలా చెప్పారు. బాణం గుర్తులతో, డబ్బాలతో బొమ్మలు గీసి చూపించారు. ఆ గట్టు మీద అవేవీ గుర్తుకు రాలేదు. ముగ్గురు మనుషులు ఏట్లో పోతే ఆ కాగితం మీద ఉండేది నా సంతకం. ఆగితే, డాబా మీద ఒక పిల్ల పోయినా నన్ను అడిగేవారు ఉండరు. ఆగడం ఎంత సులువో నాకు ఆ రోజు తెలిసింది. నా ముందున్న వాళ్ళు ఎందుకు కాగితం పెట్టలేదో కూడా తెలిసింది.

నా దగ్గర తెల్లకాగితం లేదు. ప్రణాళికలోంచి ఒక పేజీ చింపి వెనక వైపు రాశాను. లంకలో ఉన్న గర్భిణిని తీసుకురావడానికి ఈమెను, ఈమె మరిదిని, మా ఏఎన్ఎంను నేనే పంపుతున్నాను, ఇటుక బట్టీ దారిన వెళ్ళమని చెప్పింది నేనే. కింద తేదీ, టైము, పేరు, హోదా వేసి సంతకం పెట్టాను. వాన చినుకులు పడి అక్షరాలు అక్కడక్కడ అలుక్కుపోయాయి.

ఆవిడ ఏఎన్ఎం చేత చదివించుకుంది. మడిచి, ప్లాస్టిక్ సంచీలో పెట్టి, ఒడ్డున నిలబడ్డ తన తోడికోడలి చేతికి ఇచ్చింది.

"నీ దగ్గర ఉంచుకోవా అక్కా?" అన్నాను. అప్పటిదాకా అమ్మా అంటున్నదాన్ని, ఆ అక్కా అన్నమాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"నాకాడుంటే నాతోటే మునిగిపోద్ది కదండి" అంది. మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు.

అందరం ఇటుక బట్టీ దగ్గరకు వెళ్ళాం. నేను కూడా పడవ ఎక్కబోతే ఆవిడ ఆపింది. "మీకు ఈతొచ్చా? రాదు కదా. మీరు ఒడ్డునుండండి. ఆ రోజు మా ఆయన్ని పంపినోళ్ళు ఒడ్డున లేరండి. మీరుండండి, చాలు."

తిరిగి వచ్చేటప్పుడు ఇక్కడికి రాలేమనీ, ఏరు తోసుకొస్తుంది కాబట్టి దిగువన, బట్టీకీ కాజ్‌వేకీ మధ్య ఉన్న పంపు హౌసు దగ్గర ఒడ్డెక్కుతామనీ, అంబులెన్సును అక్కడ ఉంచమనీ చెప్పింది. మరిది ఇంజను తిప్పాడు. ఆవిడ ముందు భాగంలో గెడ పట్టుకుని నిలబడి, చేత్తో కుడికీ ఎడమకూ చూపిస్తుంటే అతను ఆ చేతినే చూస్తూ నడిపాడు. నావ కొంతదూరం ఏటికి ఎదురెళ్ళి, తర్వాత ఏటవాలుగా జారుతూ లంక వైపు సాగింది. పెద్ద కెరటమేమీ లేదు. కానీ పక్కనుంచి ఒక అరటి బోదె పోతుంటే, దాని వేగం చూసి నీటి అంచుదాకా వెళ్ళాను. కాసేపటికి నావ కొబ్బరి తోటల మధ్య మాయమైంది.

అంబులెన్సు డ్రైవరు ఫోన్లో, "మాకు పాయింటు కాజ్‌వే అని ఇచ్చేరండి, గట్టు మీద బురద, బండి తిరగదు" అన్నాడు. బతిమాలాను. తర్వాత అరిచాను. చివరికి అతను గట్టు మీద వెనక్కి నడుపుకుంటూ అంత దూరమూ వచ్చాడు. నేను పంపు హౌసు అరుగు మీద నిలబడ్డాను. అక్కడి నుంచి దిగువన కాజ్‌వే కనిపిస్తుంది. కనిపిస్తుంది అనడం తప్పు. నీటి మీద ఒక సన్నని గీతలాగా, చీరకు మడత పడ్డట్టు ఉంది, అంతే.

అప్పుడు ఒక గడ్డివామి కొట్టుకొచ్చింది. ఎవరి పెరట్లోదో, ఎగువ ఊళ్ళది, ఇల్లంత వామి చెక్కుచెదరకుండా, మీద రెండు కోళ్ళతో సహా, నింపాదిగా తేలుతూ వచ్చింది. అందరం దాన్నే చూస్తున్నాం. ఆ గీత దగ్గరకు రాగానే ఒక్కసారి ముందుకు ఒరిగింది. అంతే. వామి లేదు. గడ్డి పరకలు నీటి నిండా పరుచుకుని సుడి తిరిగాయి. కోళ్ళు ఏమయ్యాయో కనపడలేదు. చప్పుడు మాత్రం తర్వాత వినపడినట్టనిపించింది.

పక్కనున్న వీఆర్వో "అమ్మో" అని కూర్చుండిపోయాడు. నేను నిలబడే ఉన్నాను. నా ప్రణాళిక ప్రకారం జరిగి ఉంటే ఆ నావ ఆ సమయానికి సరిగ్గా అక్కడ ఉండేది.

తహసీల్దారు గారు రెండుసార్లు ఫోన్ చేశారు. మొదటిసారి, "రాసిచ్చావా? నిజంగా రాసిచ్చావా?" అని అడిగి పెట్టేశారు. రెండోసారి, "వచ్చారా?" అన్నారు. రాలేదని చెబితే, "వచ్చేదాకా అక్కడే ఉండు" అన్నారు.

నలభై నిమిషాలు పట్టింది. లంక తలకట్టు, అంటే ఎగువ కొస వైపు నుంచి నావ బయటికి వచ్చింది. మధ్యలో అడ్డంగా పెట్టిన నులక మంచం మీద ఆ పిల్ల, పైన టార్పాలిన్, ఒకవైపు తల్లి, ఇంకోవైపు ఏఎన్ఎం. తండ్రి గేదెలతో డాబా మీదే ఉండిపోయాడు. పాయ మధ్యకొచ్చాక ఇంజను ఒకసారి ఆగింది. నావ పక్కకు తిరిగి దిగువకు జారడం మొదలుపెట్టింది. ఆవిడ గెడ వేసింది, అందలేదు. ఇంకో పక్క వేసింది. మరిది తాడు లాగుతూనే ఉన్నాడు. నేను కళ్ళు మూసుకోలేదు. మీరుండండి, చాలు అన్న ఆవిడ మాట ఒక్కటే నాకు మిగిలింది. మూడోసారికో నాలుగోసారికో ఇంజను అందుకుంది. పంపు హౌసు దాటి ఇంకాస్త దిగువన, తుమ్మ చెట్ల దగ్గర ఒడ్డుకు తగిలారు. అందరం మోకాలి లోతు నీళ్ళలోకి దిగి మంచాన్ని మోసుకొచ్చాం.

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మధ్యాహ్నం రెండింటికి ఏఎన్ఎం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఆడపిల్ల, మొదట ఏడవలేదు, తర్వాత ఏడ్చింది. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు గారు అన్నారట. ఆ వార్త ఆవిడకు చెబుదామని చూస్తే గట్టు మీద లేదు. కాగితం తోడికోడలి దగ్గర నుంచి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయిందని చెప్పారు.

నేను నిజంగా దిమ్మెరపోయింది ఆ రోజు కాదు. వరద తీసిన పదిరోజులకు.

జిల్లా ఆఫీసులో సమీక్ష. మండలాల నివేదికలు తెర మీద ఒక్కొక్కటే చూపిస్తున్నారు. మా వంతు వచ్చింది. "మండల వరద ప్రణాళిక ప్రకారం, కాజ్‌వే మార్గంలో, జాబితాలోని ఇంజను పడవ యజమాని సహకారంతో గర్భిణిని సురక్షితంగా తరలించడమైనది." పక్కనే చనిపోయినాయన పేరు. దాని కింద, ఆగస్టు పదిహేనున ప్రశంసాపత్రానికి సిఫారసు. చివర సంతకం నాది.

నివేదికను మా ఆపరేటరు ప్రణాళిక ముందు పెట్టుకుని కొట్టాడు. జాబితాలో పడవ ఎవరి పేరున ఉంటే ఆ పేరే వేశాడు. నష్టపోయిన పంటల కాగితాలు, కూలిన ఇళ్ళ కాగితాలు, బియ్యం పంపిణీ కాగితాలు, వాటన్నిటి మధ్యలో ఇదీ వచ్చింది. చదవకుండా సంతకం పెట్టాను. గట్టు మీద అంతా చూసి, విన్న మనిషినే, పదిరోజుల్లో మళ్ళీ అదే పని చేశాను.

చప్పట్లు కొడుతున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"సార్, అది తప్పండి" అన్నాను.

"ఏది తప్పమ్మా?" అన్నారు వేదిక మీది అధికారి, నవ్వుతూనే.

"ఆయన బతికి లేరండి. మూడేళ్ళయింది. ఆ కాజ్‌వే దగ్గరే, మన ఆఫీసు పని మీద వెళ్ళి పోయారు. పడవ తెచ్చింది ఆయన భార్య. ఆ దారిన రాలేదు. ఆ దారిన వచ్చుంటే ఎవరూ మిగిలేవారు కాదు. ప్లాన్ తప్పు. రాసింది నేనే. ఈ రిపోర్టు మీద సంతకం పెట్టిందీ నేనే."

ఎవరో చిన్నగా నవ్వబోయి ఆగిపోయారు. పక్క కుర్చీలో తహసీల్దారు గారు రెండు చేతులతో మొహం రుద్దుకున్నారు. నా గురించి ఏమనుకున్నారో అప్పుడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. అయితే ప్రశ్నలు మొదలయ్యాక, "ఆగమని చెప్పింది నేనేనండి" అని తనంతట తాను లేచి చెప్పారు.

నాకు మెమో వచ్చింది. ఆమోదించిన ప్రణాళిక దాటినందుకు ఒకటి, తప్పుడు నివేదిక పంపినందుకు ఇంకొకటి. రెండింటికీ జవాబు రాశాను. మొదటిది వెనక్కి తీసుకున్నారు. రెండోది నా సర్వీసు రిజిస్టరులో ఉంది. ఉండాలి కూడా. మూడేళ్ళనాటి ఆ మరణం ఫైలు మళ్ళీ తెరిచారు. తనంతట తానే దిగాడు అన్న వాక్యాన్ని కొట్టేసి, వరద విధుల్లో మరణించారు అని మార్చడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మరుసటి ఏడు ఏప్రిల్లో, ఫైలు తెరవకుండా ముందు ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని పులసలకు కాదు, మామూలు బొచ్చెలకు పొలుసు తీస్తోంది. మారిన కాగితం నకలు చేతికిచ్చాను. తడి చెయ్యి తుడుచుకుని తీసుకుంది, కళ్ళకద్దుకోలేదు, ఏడవలేదు. లోపల డబ్బాలో పెట్టి వచ్చింది.

"ఈ ఏడు లిస్టులో నీ పేరు రాసుకోనా అక్కా?" అని అడిగాను.

"వద్దండి."

"ఎందుకని?"

"రాసేసుకుంటే మళ్ళీ రారు కదండి మీరు" అంది. "రాకపోతే మీకేం తెలుస్తదండి? నేను బతికున్నానో లేదో, ఇంజను పనిచేత్తందో లేదో, మా మరిది కాలు బాగుందో లేదో. ఏడాదికోసారి వచ్చి అడగండి. ఆ ఏడుకి ఉంటే ఉన్నానంటాను."

ఇంకో మాట అడిగింది. "ఆ రోజు నేను ఫోనెత్తకపోతే ఏం చేసేవోరండి?"

"తెలీదక్కా" అన్నాను. ఏదో ఒకటి చేసేవాళ్ళం అని చెప్పబోయి, చెప్పలేకపోయాను. మా పుస్తకంలో నాలుగో పేరు లేదు.

ఆవిడ చేపలను గిన్నెలో వేసి మూత పెట్టి లేచింది. "పదండి" అంది. వరసగా నాలుగిళ్ళు చూపించింది. ఒకాయన దగ్గర మంచి ఇంజనుంది కానీ జూన్ నుంచి అన్నవరం దగ్గర చెల్లెలింట్లో ఉంటాడట. ఇంకొకాయనకు ఏరు బాగా తెలుసు, చూపు తగ్గింది. మూడో ఇంట్లో తల్లీ కొడుకులు నావ నడుపుతారు. నాలుగో ఇంటి దగ్గర అరుగు మీద ఏడు నెలల గర్భిణి కూర్చుని ఉంది.

"ఏ ఊరమ్మా మీ అత్తారిది?" అని అడిగాను. చెప్పింది. రాసుకున్నాను.